చల్లగాలి పైపు

జులై 9, బుధవారం

స్పేర్ పార్టుల కొట్టువాడు ఏటా ఇచ్చే డైరీ ఇది. రోజుకో పేజీ. ఏ బండికి ఆయిలు మార్చానో, ఏ బండికి బ్రేకులు బిగించానో తప్ప ఇందులో ఇంకోటి రాసిన పాపాన పోలేదు. ఇవాళ వచ్చింది ఒకటే బండి, అన్నయ్య కారు. దాని ఎదురుగా పని ఏమిటో రాయబోతే చెయ్యి ఆడలేదు.

ఐదు రోజులుగా తన ఇంటి ముందు ఉన్నదాన్ని కొక్కెం బాబాయి తన లారీకి తగిలించుకుని తెచ్చాడు. దారిలో ఆగిపోయిన బండ్లను లాక్కురావడం ఆయన వృత్తి, అందుకే ఆ పేరు. మామూలుగా అయితే షెడ్డు బయటనుంచే "ఏరా డాక్టరూ, పేషెంటుని తెచ్చా" అని వీధంతా వినబడేలా అరుస్తాడు. ఇవాళ అరవలేదు. బండి దింపాడు, టీ కూడా వద్దన్నాడు, వెళ్ళబోతూ మెల్లగా చెప్పాడు.

"శుక్రవారం వంతెన కింద లాగేటప్పుడే ఆ పైపు ఊడదీసి డిక్కీలో పడేశా. మీ అన్న చూడలేదులే."

నేనేమీ అడగలేదు.

పోయిన శుక్రవారం మధ్యాహ్నం పెద్ద వాన. వదినకు ఎనిమిదో నెల. ఉన్నట్టుండి నొప్పులు, రక్తం. అన్నయ్య కార్లో ఎక్కించుకుని ఆసుపత్రికి బయలుదేరాడు. రైలు వంతెన కింది దారిలో నీళ్ళు నిలిచాయి, బండి నడిమధ్యలో ఆగిపోయింది. ఇంకో బండి దొరికి ఆసుపత్రి చేరేసరికి యాభై నిమిషాలు ఆలస్యం. ఆడపిల్ల. పుట్టి ఏడవలేదట.

ఇంకొంచెం ముందు తెచ్చి ఉంటే అని అన్నయ్య అడిగితే, డాక్టరమ్మ అవుననీ అనలేదు, కాదనీ అనలేదు.

వదినను నిన్న ఇంటికి తీసుకొచ్చారు.

జులై 10

కారుకు టార్పాలిన్ కప్పాను, ఎండ తగలకుండా. షెడ్డు లోపల ఎండెక్కడిది?

జులై 12, శనివారం

అన్నయ్య వచ్చాడు. గడ్డం పెరిగింది. బడికి సెలవు పెట్టాడట. పదిహేనేళ్ళుగా లెక్కలు చెబుతున్న మనిషి, వాన పడుతున్నా బడి ఎగ్గొట్టని మనిషి. బల్ల మీద నా రసీదు పుస్తకం తిప్పి, వెనక అట్ట మీద వంతెన, దారి, నీళ్ళు, కారు గీశాడు. పిల్లలకు బోర్డు మీద చెప్పినట్టే చెప్పాడు.

"నా ముందు ఒక తెల్ల కారు దాటిందిరా. ఇదే మోడలు. అది దాటడం చూశాకే నేను దిగాను. రెండో గేరు. క్లచ్ తొక్కలేదు. మధ్యలో స్పీడు తగ్గించలేదు. నువ్వు నేర్పించినట్టే పోనిచ్చాను. మరెక్కడ తప్పు చేశాను?"

"నువ్వేం తప్పు చెయ్యలేదన్నయ్యా."

"తప్పు చెయ్యకపోతే ఎందుకాగింది?"

నేను స్పానరు తుడుచుకుంటూ కూర్చున్నాను. అప్పటికే తుడిచిన స్పానరే.

"మీ వదిన వద్దంది. పై దారిన తిప్పండి అంది. అలా చుట్టి వెళ్తే పావుగంట ఎక్కువ పడుతుందని నేనే దింపాను. ఆ రోజునుంచి నాతో ఒక్క మాట లేదు. తిట్టినా బాగుండును. పోట్లాడినా బాగుండును. గోడకైనా నాకంటే ఎక్కువ విలువిస్తోంది."

ఆయన నాకంటే తొమ్మిదేళ్ళు పెద్ద. నాన్న పోయాక నన్ను సాకింది ఆయనే. ఆయన కళ్ళు తుడుచుకోవడం నాన్న పోయినప్పుడు కూడా నేను చూడలేదు.

"నువ్వు ఇంజను విప్పి చూడు. నా తప్పయితే నా తప్పే అని చెప్పెయ్. నువ్వు చెబితే నమ్ముతాను."

విప్పుతానన్నాను. టైం పడుతుందన్నాను. వానాకాలం కదా, చేతినిండా పని ఉందన్నాను. నోటికి ఏది వస్తే అది అన్నాను.

జులై 15

నీళ్ళు చాలా లోతుగా ఉండి ఉంటాయి. ఏ బండైనా ఆగేదే.

జులై 16

ఏ బండైనా ఆగేదే.

జులై 19, శనివారం

కళ్ళజోడాయన సర్వీసుకు వచ్చాడు. నిరుడు ఆయన కారుకు చల్లగాలి పైపు వేశాను. ఆ పని పేరు చెబితే ఊరి ఆ చివరినుంచి కూడా నా షెడ్డుకే వస్తారు, ఆ గొప్ప నాకుంది. ఉండేది.

పని పెద్ద కష్టమేమీ కాదు. బానెట్ కింద గాలి వేడెక్కి ఉంటుంది, వేడిగాలిలో పస ఉండదు. కంపెనీవాళ్ళు పైన బానెట్ అంచున బిగించిన గాలి డబ్బా తీసేస్తాను. లావుపాటి అల్యూమినియం పైపు వేసి కిందికి దించి, బంపరు వెనక పెద్ద ఫిల్టరు బిగిస్తాను. అక్కడ గాలి చల్లగా ఉంటుంది. చల్లగాలి ఎంత పీలిస్తే ఇంజనుకు అంత బలం. ఈ నాలుగు ముక్కలూ ఎన్నిసార్లు చెప్పానో, నిద్రలో లేపి అడిగినా గడగడా అప్పజెబుతాను.

పైపు అంత కిందుంటే గాలికి బదులు నీళ్ళు కూడా పీలుస్తుంది. గాలిని ఇంజను నలిపెయ్యగలదు, నీళ్ళను నలపలేదు. అప్పుడు లోపలి ఇనుమే వంగిపోతుంది. అందుకని నా షెడ్డులో ఒక పద్ధతి పెట్టాను. "నీళ్ళు చూస్తే ఆగు, దారి మార్చు" అని పచ్చ అట్టముక్క మీద రాసి తాళానికి కడతాను. బండిగలవాళ్ళు అది మూడుసార్లు పైకి చదివితేనే తాళం చేతికిస్తాను. "ఏంటి మాస్టారూ, పెళ్ళి ప్రమాణాలా?" అని నవ్వుతారు. నవ్వుకోనీ, చదవాల్సిందే. ఎంత పెద్ద అధికారైనా సరే.

కళ్ళజోడాయన ఇవాళ తాళం తీసుకుంటూ, నేను అడగకుండానే మొదలుపెట్టాడు. "నీళ్ళు చూస్తే ఆగు, దారి మార్చు. నీళ్ళు చూస్తే ఆగు…"

చాల్లెండి, మీకు వచ్చు కదా అన్నాను. ఆయన ఆగలేదు, మూడుసార్లూ పూర్తిచేసి పిల్లాడిలా నవ్వాడు.

ఇప్పటిదాకా నా సొంత కారు కాక ఇరవై నాలుగు బండ్లకు వేశాను. అట్టముక్కలు రాసింది ఇరవై మూడు. షెడ్డు తొందరగా కట్టేసి ఇంటికొచ్చాను.

జులై 22

అన్నయ్య అడిగింది సర్వీసు ఒక్కటే. ఏప్రిల్‌లో. "ఏసీ వేస్తే ఫ్లైఓవరు ఎక్కడానికి మూలుగుతోందిరా, కాస్త చూడు" అన్నాడు. అంతే అన్నాడు. పైపు వెయ్యమనలేదు. అలాంటిదొకటి ఉంటుందని కూడా ఆయనకు తెలియదు. నేనే వేశాను. ఇంట్లోకి పసిబిడ్డ వస్తోంది, బాబాయిగా నా కానుక అనుకున్నాను. అది అబద్ధం కాదు. కానీ అల్యూమినియం పైపు ఒకటి మిగిలిపోయి ఉంది, చేతులు ఊరుకోలేదు, అది కూడా అబద్ధం కాదు.

సాయంత్రం కారు నేనే తీసుకెళ్ళి ఇచ్చాను. అన్నయ్య వీధి చివరిదాకా నడిపి వచ్చి మురిసిపోయాడు. "ఏం చేశావురా, గుర్రుమంటూ లంఘిస్తోంది!" అన్నాడు. ఎంత సంతోషపడ్డానో.

తాళానికి అట్టముక్క కట్టలేదు. ఇంటివాళ్ళకు కూడా అట్టముక్కేమిటి? సొంత అన్నను నిలబెట్టి మూడుసార్లు చదివించనా? భోజనాల దగ్గర చెబుదామనుకున్నాను. భోజనాల దగ్గర పుట్టబోయే బిడ్డ పేరు గురించి గొడవ మొదలైంది. నేనొక పేరు చెబితే వదిన "అది ట్రాక్టరుకు పెట్టుకో చిన్నా, నా బిడ్డకొద్దు" అంది. కడుపు పట్టుకుని నవ్వాం, నవ్వితే నొప్పేస్తోందని ఆమె కేకలు. ఆ తర్వాత నేను వచ్చేశాను.

తర్వాత చెబుదామనుకున్నాను. మే అయిపోయింది. జూన్ అయిపోయింది.

ఆ పూట నవ్వకపోయి ఉంటే చెప్పేవాణ్ణే.

జులై 27, ఆదివారం

అన్నయ్య ఇంటికి వెళ్ళాను. వెళ్ళకుండా ఉండటానికి సాకులు అయిపోయాయి.

వదిన రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది. ఇల్లు కూడా ల్యాబులాగే పెట్టుకుంటుంది, ఏ సీసా మీద చూసినా చీటీ, చీటీ మీద తేదీ. ఇవాళ బల్ల మీద మూడు రోజుల పేపర్లు విప్పకుండా పడి ఉన్నాయి. ఆమె టీ పెట్టింది. ఒక కప్పు నాకు, ఒక కప్పు తనకు. అన్నయ్య లేచి వంటింట్లోకి వెళ్ళి గిన్నెలో మిగిలింది వంచుకున్నాడు. ఇదంతా వాళ్ళకు అలవాటైపోయినట్టుంది.

అన్నయ్య మందుల షాపుకు వెళ్ళాక వదిన అంది, "నువ్వొస్తే కాస్త ఊపిరాడుతుంది చిన్నా. వారానికోసారైనా రా."

"అన్నయ్య చాలా బాధపడుతున్నాడు వదినా."

"తెలుసు. బాధపడితే పిల్లొస్తుందా? కారులోకి నీళ్ళు వచ్చాయి, పాదాలు మునిగాయి. ఆ నీళ్ళలో దిగకముందే నేను ఎన్నిసార్లు చెప్పానో ఆయన్ని అడుగు. వద్దన్నాను కదా. ఒక్కసారి నా మాట వింటే ఏం పోయేది?"

ఆమె ఏడవలేదు. కప్పు కడిగి బోర్లించింది. నేను తలొంచుకుని వచ్చేశాను. నేనేం మనిషిని?

జులై 30, బుధవారం

టేపు తీసుకుని వంతెన కిందికి వెళ్ళాను. నీళ్ళు తీసేశారు. గోడ మీద ఆ రోజు బురద గీత ఇంకా ఉంది. బండ్లవాళ్ళు హారన్లు కొడుతుంటే మోకాళ్ళ మీద కూర్చుని కొలిచాను. ఎవడో "ఏం పోగొట్టుకున్నావు?" అని అరిచాడు.

బురద గీత నేలకు పదహారు అంగుళాలు.

కంపెనీ గాలి డబ్బా మూతి నేలకు ముప్పై ఒకటి.

నేను పెట్టిన ఫిల్టరు పదకొండు.

ఏ బండైనా ఆగేదే అని ఈ డైరీలో రెండుసార్లు రాశాను. చింపేద్దామనుకున్నాను. వద్దు, ఉండనీ.

ఆగస్టు 2, శనివారం

ఇంజను విప్పాను. విప్పకముందే తెలుసు. రెండో సిలిండరు రాడ్డు వంగిపోయి ఉంది. చేతిలో పట్టుకుంటే వేలెడంత వంకర.

సాయంత్రం అన్నయ్య వచ్చాడు. మెట్టు ఎక్కకముందే ముఖం చూసి అడిగాడు, "నాదేనా?"

"కాదన్నయ్యా. లోపల ఒక పిన్ను ముందే అరిగిపోయి ఉంది. పాత బండి కదా. ఎక్కడైనా ఆగేదే. ఆ రోజు ఆగాల్సి వచ్చింది, అంతే."

సగమైనా నిజం చెప్పలేకపోయాను. ఆయన ఆ అబద్ధాన్ని రెండు చేతులతో అందుకున్నాడు. నా భుజం పట్టుకుని "మీ వదినకు చెబుతానురా" అని గబగబా వెళ్ళిపోయాడు. స్కూటరు స్టాండు తియ్యడం మర్చిపోయి రెండుసార్లు ఆపుకున్నాడు.

ఆయన వెనకే వెళ్ళైనా నిజం చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. చేతకానివాణ్ణి.

ఆగస్టు 5, మంగళవారం

వదిన షెడ్డుకు వచ్చింది. ఇన్నేళ్ళలో ఎప్పుడూ రాలేదు. కుర్చీ తుడిచి వేస్తే కూర్చోలేదు.

"పిన్ను అరిగిందన్నావట."

"అవును వదినా."

"ఏదీ, చూపించు."

చూపించడానికి పిన్నెక్కడిది? పారేశానన్నాను. రోజూ మనుషుల రక్తం చూసే మనిషి, నా అబద్ధం పోల్చుకోవడం ఎంతసేపు?

"మీ అన్నయ్యను వెనకేసుకు రావడానికి నువ్వూ అబద్ధమాడుతున్నావా చిన్నా? ఇన్నాళ్ళూ ఆయన తప్పొకటే అనుకున్నాను. ఇప్పుడు తప్పు కప్పిపుచ్చుకోవడానికి నీ దగ్గర దొంగ రిపోర్టు రాయించుకొచ్చాడు. నా దగ్గరికే తెచ్చాడు. ఇక ఆ మనిషి ముఖం ఎలా చూడను?"

"ఆయనకేం తెలియదు వదినా. నేనే…"

"ఆపు. పదిహేడో తేదీ మా అక్క దగ్గరికి వెళ్ళిపోతున్నాను. అక్కడే ల్యాబులో మాట్లాడుకున్నాను. మళ్ళీ రాను. మీ అన్నయ్య అడిగితే ఇదే చెప్పు."

"నేనే" తర్వాత ఉన్న మాట నోట్లోనే ఉండిపోయింది. ఒక్క మాట. ఆమె వీధి మలుపు తిరిగేలోపు వెనకే వెళ్తే అందుకోగలను. వెళ్ళలేదు.

అన్నయ్యను కాపాడబోయి ముంచేశాను. అన్నయ్యను కాపాడబోయానా? నన్ను నేనా?

ఆగస్టు 8

నా సొంత కారుకు కూడా అదే పైపు ఉంది. దాన్ని ఊడదీసి, కంపెనీ డబ్బా బిగించాను. ఊరి బయట ఖాళీ రోడ్డు మీద ఆగిన చోటునుంచి వంద స్పీడు ఎన్ని సెకన్లలో అందుకుంటుందో గడియారం పెట్టి చూశాను. మళ్ళీ పైపు వేసి చూశాను. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా ఆరుసార్లు మార్చి మార్చి చూశాను.

ఇన్నేళ్ళలో ఇలా ఒక్కసారి కూడా కొలవలేదు. చెవితో వినేవాణ్ణి, అంతే.

వచ్చిన అంకెలు ఇక్కడ రాయను.

ఆగస్టు 10, ఆదివారం

కొక్కెం బాబాయి వచ్చాడు. షెడ్డు గుమ్మంలో ఇద్దరం బకెట్లు బోర్లించుకుని కూర్చున్నాం.

"ఆ పైపు ఎందుకు ఊడదీశావు బాబాయ్?"

"ముప్పై ఏళ్ళనుంచి బండ్లు లాగుతున్నాను. బండి ఎవరు పాడుచేశారో నాకు లాగేటప్పుడే తెలిసిపోతుంది. బండిగలాయనకు ఎప్పుడూ చెప్పను. చెబితే మెకానిక్కుల్లో ఒక్కడూ నన్ను గడప తొక్కనివ్వడు. అలవాటుకొద్దీ తీసేశా."

"మంచి పని చేశావు."

"మంచి పనా నా మొహమా! అప్పుడు మీ వదిన ఇంకో బండిలో ఉందిరా. మీ అన్న మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి, నా కారు చూడొద్దు, ముందు ఆ బండి నెట్టు బాబాయ్ అని ఏడుస్తున్నాడు. నేనేమో వంగి స్క్రూలు విప్పుతున్నాను. ఇంటికెళ్ళి మా ఆవిడకు చెబితే రెండు రోజులు నాకు భోజనం పెట్టలేదు." బాబాయి ముక్కు చీదుకున్నాడు. "నేను మీ అన్నకు చెప్పనురా. నువ్వు చెప్పకపోతే మాత్రం ఇంకెప్పుడూ నీ షెడ్డుకు బండి తేను."

ఆగస్టు 12

చెప్పాలి.

ఆగస్టు 13, బుధవారం

ఇవాళ సాయంత్రం.

ఆగస్టు 14, గురువారం

షెడ్డు తెరవలేదు. ఇంట్లో కూర్చుని పొద్దున్నే రాస్తున్నాను. జరిగింది జరిగినట్టు రాయాలి.

నిన్న ఆరింటికి వెళ్ళాను. హాల్లో వదిన పెట్టెలు రెండు కట్టి ఉన్నాయి. అన్నయ్య పరీక్ష పేపర్లు దిద్దుతున్నాడు, దిద్దుతున్నట్టు కూర్చున్నాడు. వదిన బట్టలు మడుస్తోంది. ఇద్దరూ ఒకే బల్లకు చెరో చివర. నేను నిలబడే చెప్పాను. కూర్చుంటే మళ్ళీ ఏదో ఒకటి అల్లుతానని భయం.

"పిన్ను అరగలేదు. బండిని నేను మార్చాను. ఏప్రిల్‌లో. అన్నయ్య అడగలేదు, ఆయనకు చెప్పలేదు. ఇంజను గాలి పీల్చే పైపు తీసి నేలకు పదకొండు అంగుళాల్లో పెట్టాను. ఆ రోజు నీళ్ళు పదహారు. మామూలు కారయితే దాటిపోయేది. అలా మార్చిన బండిని నీళ్ళలో దింపకూడదని అందరికీ మూడుసార్లు చెప్పించి పంపిస్తాను. అన్నయ్యకు మాత్రం చెప్పలేదు."

అన్నయ్య ఎర్ర కలం మూత పెట్టాడు.

"మరి ఆ తెల్ల కారు?" అన్నాడు.

"దానికి గాలి పైనుంచి వెళ్తుంది. నువ్వు నడిపింది సరిగ్గానే నడిపావన్నయ్యా. నీ లెక్క తప్పలేదు. నా పైపు లేకపోతే రెండు నిమిషాల్లో అవతల ఉండేవారు."

ఆయన నా వైపు చూడలేదు. కొడతాడనుకున్నాను. కొడితే ఎంత బాగుండును. ఆయన అరచేతులు బల్ల మీద పెట్టుకుని వాటినే చూస్తూ ఉండిపోయాడు.

వదిన మడుస్తున్న చీర కింద పెట్టింది. ల్యాబులో పేషెంటుని అడిగినట్టు, గొంతు పెంచకుండా అడిగింది.

"ఎందుకు పెట్టావు?"

"బలం పెరుగుతుందని."

"ఎంత పెరిగింది?"

అర్థం కానట్టు చూశాను. అర్థమైంది.

"ఆ పైపు పెడితే బండికి బలం ఎంత పెరిగింది? అంకె చెప్పు."

ఆరుసార్లు కొలిచిన అంకెలు నా దగ్గర ఉన్నాయి. పైపు ఉన్నా అదే, లేకపోయినా అదే. ఒకసారి పైపు ఉన్నప్పుడే వెనకబడింది.

"ఏం పెరగలేదు వదినా," అన్నాను. "చప్పుడు పెరిగింది."

ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పిల్ల పోయిన రోజు కూడా ఆమె ఏడవలేదని అన్నయ్య ఒకసారి చెప్పాడు. కుర్చీ అంచు పట్టుకుని, ఊపిరందక, పెద్దగా ఏడ్చింది. అన్నయ్య లేచి సగం దూరం వచ్చి ఆగిపోయాడు, దగ్గరికి రావచ్చో లేదో తెలియక. ఆమె తల ఎత్తకుండానే చెయ్యి చాచి ఆయన చొక్కా పట్టుకుంది.

"ఏమండీ," అంది. "మీ తమ్ముణ్ణి వెళ్ళమనండి."

నలభై రోజుల తర్వాత ఆయనతో ఆమె మాట్లాడిన మొదటి మాట అది.

అన్నయ్య నోరు తెరిచాడు కానీ ఆ మాట అనలేకపోయాడు. ఆయన చేత అనిపించడం ఎందుకని నేనే బయటికి వచ్చేశాను. చెప్పులు వేసుకుంటుంటే లోపల ఆయన ఏదో అడగడం, ఆమె ఏడుస్తూనే జవాబు చెప్పడం వినబడింది. ఒకరి మాట అయ్యేలోపే ఇంకొకరు. కాసేపు నిలబడి వినాలని ఎంతో అనిపించింది. గేటు చప్పుడు కాకుండా మూసి వచ్చేశాను.